పరీక్ష లేని చదువు

చదువు రెండు విధములు. మార్కుల కొరకు చదువునది యొకటి. మనసు కొరకు చదువునది మరియొకటి. మొదటిదానికి పాఠ్యప్రణాళిక కలదు, గడువు కలదు, తప్పినవారికి శిక్షయు కలదు. రెండవదానికి ఇవేవియు లేవు. చదువుమని ఎవ్వరును చెప్పరు. చదివితివా యని ఎవ్వరును అడుగరు. అయినను పరీక్షలు ముగిసి పుస్తకములను అటకపై పెట్టిన పిమ్మట మనతో నిలిచియుండునది తరచుగా ఈ రెండవ చదువే. గడచిన మూడు సంవత్సరములలో కేవలము సంతోషము కొరకు నేను చదివిన కొన్ని నవలలను గూర్చియు, అవి నాలో రేపిన ఆలోచనలను గూర్చియు ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. ఇది విమర్శ కాదు; అందుకు తగిన పాండిత్యము నాకు లేదు. ఇవి ఒక కళాశాల విద్యార్థిని అభిప్రాయములు మాత్రమే. పెద్దలు ఆ దృష్టితోనే చదువ ప్రార్థన.

మాది విరుదునగర్ జిల్లాలోని మంసాపురము. పడమటి కనుమల క్రింద, రాజపాళయమునకును శ్రీవిల్లిపుత్తూరునకును దగ్గరగా, కొబ్బరి తోటల నడుమ నున్న యూరు. ఈ ప్రాంతపు తెలుగు కుటుంబముల స్థితి పాఠకులకు తెలియనిది కాదు. ఇంటిలో తెలుగు, వీథిలోను, బడిలోను, కచేరీలోను తమిళము. మా అవ్వ తెలుగు తప్ప వేరొక భాషలో కోపించుట నేనెరుగను. కాని ఆమె ఉప్పుపప్పుల పద్దు వ్రాయునపుడు ఆ తెలుగు మాటలనే తమిళ లిపిలో వ్రాయును. ఆమెకు వచ్చిన అక్షరములు అవియే. మా నాయనకును అవియే. భాష వంశముతో వచ్చినది. లిపి బడితో వచ్చినది. ఈ రెంటికిని మధ్య నున్న సందు మాకు చిన్ననాట కనబడలేదు.

మా బడిలో తెలుగు చెప్పించు ఏర్పాటు లేదు. రాష్ట్రమున 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము ననుసరించి, 2006–07లో ఒకటవ తరగతి మొదలుకొని ఏటికొక తరగతి చొప్పున తమిళము విధిగా చదువవలసినదై, 2015–16 నాటికి ఆ నియమము పదవ తరగతికి చేరినది. తమిళము చదివినందుకు నాకు విచారము లేదు. ఆ భాష నాకు అన్నము పెట్టిన భాష. కాని తెలుగు అక్షరములను నేను నేర్చినది బడిలో గాక మా తాత యొద్ద, ఒక వేసవి సెలవులలో. తమిళమున ఒక్క 'క' యే సందర్భమునుబట్టి 'గ' గాను పలుకును. ఇచట క, ఖ, గ, ఘ యని నాలుగు వేరు వేరుగా నిలిచియుండుట చూచి మొదట నాకు వెరపు కలిగినది. తరువాత ముచ్చట కలిగినది. అవ్వ నోట విన్న మాటలకు ఇంత నిండైన రూపము లున్నవని అప్పుడు తెలిసినది.

అక్షరములు వచ్చినంతమాత్రమున చదువు వచ్చినదనుటకు వీలులేదు. చదువవలెనను ఆశ కలుగవలెను. ఆ ఆశ నాకు కలిగించినది కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము. ఇది 1878లో వివేకవర్ధని పత్రికయందు ఆరంభమై 1880లో పుస్తకరూపము దాల్చినది. గోల్డుస్మిత్తు అను ఆంగ్లకవి రచించిన కథ దీనికి ప్రేరణ యని పంతులుగారే చెప్పుకొన్నారు. నేను దీనిని చదువునపుడు అప్పటికి చదివియున్న వేదనాయకము పిళ్ళెగారి ప్రతాప ముదలియార్ చరిత్రము తరచుగా జ్ఞప్తికి వచ్చినది. తమిళమున మొదటి నవల యని పేరొందిన ఆ గ్రంథము 1879లో అచ్చయినది. నా రెండు భాషలును ఇంచుమించుగా ఒకే సమయమున, ఒకే మద్రాసు రాజధానిలో, నవల వ్రాయుట నేర్చుకొన్నవన్నమాట. ఆ సంగతి తెలిసినప్పుడు ఇద్దరు మేనత్త బిడ్డలు ఒకే యేట పుట్టిరని విన్నంత సంతోషము కలిగినది.

రాజశేఖర చరిత్రమున నన్ను నవ్వించినది రాజశేఖరుని యింట చేరిన బంధుమిత్రుల వర్ణనము. ధనమున్నంత కాలము పొగడి, అది తరిగినంతనే ముఖము తిప్పుకొను జనము గోదావరి తీరముననే కాదు, వైగై తీరమునను కలరు. పెండ్లిండ్లలో విడిది దిగి నెల దాటినను కదలని చుట్టమును నే నెరుగుదును. వారి పేరు ఇచట వ్రాయుట మర్యాద కాదు. కాని ఆ పుస్తకమున నాకు కష్టమైనదియు నొకటి కలదు. గోదావరిని వర్ణించు భాగములను నేను మూడుమారులు చదివితిని. నిండు నది యెట్లుండునో నా కన్నులకు తెలియదు. మా వాగులలో వానకాలమున నాలుగు దినములు నీరు వచ్చును, ఆపైన ఇసుక. భాష నాది, నది నాది కాదు. చదువరికి ఇట్టి వెలితి కలుగుట మంచిదే యని ఇప్పుడు తోచుచున్నది. ఆ వెలితియే నన్ను తరువాతి పుస్తకమునకు నడిపించినది.

ఆ తరువాతిది మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము. మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుర్రు కుఱ్ఱవాడు బారిష్టరు కావలెనని ఇంగ్లండునకు బయలుదేరి, రైలులోను, ఓడలోను, భోజనపు బల్లయొద్దను పడిన పాట్లు ఆ గ్రంథమున కలవు. నేను దీనిని నవ్వుకొనుచు చదువుచుండగా మా పినతండ్రి కుమారుడు, పదేండ్లవాడు, ఏమి నవ్వుచున్నావని తమిళములో అడిగినాడు. వానికి తెలుగు అర్థమగును. కాని బదులు తమిళములోనే చెప్పును. ఎన్ని మారులు మందలించినను మానలేదు. నేను ఒక అధ్యాయము పైకి చదివి వినిపించితిని. మరునాడును చదివితిని. మూడవనాడు పనియుండి నేను ఆపగా వాడు నా కొంగు పట్టుకొని, "అక్కా, ఆపైన ఏమాయె?" అని అడిగినాడు. ఆ మాట తెలుగున వచ్చినదని వానికి తెలియదు. నేనును చెప్పలేదు. మందలింపు చేయలేని పనిని పార్వతీశము మూడు దినములలో చేసినాడు.

ఈ నవలవలన నాకు కలిగిన మరియొక ఊరట కలదు. కోస్తా జిల్లాల బంధువులు మా మాట విని నవ్వుట మాలో ననేకులకు అనుభవమే. మా యింటిలో అన్నమును కూడు అందుము. దుకాణమును అంగడి అందుము. అచట కూడు అనుట మోటు. ఒక పెండ్లిలో మా అవ్వ "కూడు తిన్నారా?" యని ఆదరముతో అడుగగా, అవతలివారు ఒకరి ముఖ మొకరు చూచుకొనిరి. పార్వతీశము దొరల నడుమ ఏ మర్యాదకు ఏ యర్థమో తెలియక తికమక పడుచుండగా నేను నవ్వితిని గాని, ఆ నవ్వులో వానిపట్ల తక్కువభావము లేదు. వాడు తెలివితక్కువవాడు కాడు. తన యూరి మర్యాద తెలిసినవాడు, పరుల మర్యాద తెలియనివాడు. మా అవ్వయు అంతియే. ఒక తావున ఆదరమైన మాట మరియొక తావున మోటగుటలో తప్పు మాటది కాదు, దూరముది.

మా మాట మోటుదను సంకోచము పోవుటకు చరిత్రయు సహాయపడినది. శ్రీకృష్ణదేవరాయలు (పరిపాలన 1509–1529) ఆముక్తమాల్యదకు రంగస్థలముగా గ్రహించినది మా పొరుగునున్న విల్లిపుత్తూరును. మదుర నాయకరాజుల కాలమున తెలుగు వచనము మన ప్రాంతముననే విరివిగా పెరిగినది. విజయరంగ చొక్కనాథుని (1706–1732) ఆస్థానమున సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును వచనముగా రచించెను; ఆ రాజును స్వయముగా వచనగ్రంథములు వ్రాసెను. వీరేశలింగము పంతులుగారికి నూటయేబది యేండ్లకు ముందే తెలుగు వచనము మదుర నాయకరాజుల సభ కెక్కినది. ఈ సంగతిని నేను ఏ బడిలోను వినలేదు. నవల చదివిన ఉత్సాహముతో, నవలకు ముందేమున్నదని వెదకగా తెలిసినది.

విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు చదువుట నాకు ఒక వేసవి పని యైనది. తొమ్మిది వందల తొంబది తొమ్మిది పుటల గ్రంథమని ప్రసిద్ధి. అడివి బాపిరాజుగారి నారాయణరావుతో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచుకొన్నది. ఆ భాష నాకు కొండ యెక్కినట్లుండెను. ప్రక్కన నిఘంటువు లేక పది పుటలు సాగలేదు. కాని సుబ్బన్నపేటలో గుడియు, కోటయు, పైరును ఒక్కొక్కటిగా క్షీణించుచుండగా ధర్మారావు పడు వేదన నన్ను కదలించినది. మా యూరిలో సైతము ఎండిన బావులు కలవు, తాళము పడిన మిద్దెలు కలవు, పిల్లలు దూరదేశములకు వెళ్ళగా వృద్ధు లిద్దరే మిగిలిన ఇండ్లు కలవు. ఆ పుస్తకమును మూసినప్పుడెల్ల నాకు ఆ మిద్దెలు కనబడినవి.

అయినను విశ్వనాథవారితో నేను పూర్తిగా ఏకీభవింపలేదు. పాత గ్రామము పోవుచున్నదని ఆయన దుఃఖించుచుండగా, ఆ గ్రామమున అందరికిని సమానమైన చోటుండెనా యను ప్రశ్న నాలో లేచినది. ఇంత గొప్ప గ్రంథముతో ఇంత చిన్నదానను వాదించుట తగునా యని సంకోచించితిని. కాని సంతోషము కొరకు చదువుటలోని స్వాతంత్ర్యమే అది. పరీక్షపత్రములో గ్రంథకర్తను పొగడవలెను. మన గదిలో ఆయనతో మాటలాడవచ్చును.

ఆ ప్రశ్నకు బదులు వెదకుచు ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిని తీసికొంటిని. ఈ నవల వ్రాయబడినది తమిళనాట, రాయవెల్లూరు చెరసాలలో. 1922లో అచ్చయినది, మరుసటి యేట మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. గుంటూరు సీమ సామాన్యజనుల వాడుకభాష ఇందు నిండియున్నది. విశ్వనాథవారి పుస్తకమున నేను నిఘంటువు పట్టుకొని నడచితిని. ఇచట నిఘంటువు అక్కర లేకపోయెను. మా అవ్వ మాటకు దగ్గరి మాట అచ్చులో కనబడుట నాకు ఇదియే మొదటిసారి.

కాని మాలపల్లి నాకిచ్చిన ముఖ్యమైన పాఠము భాషనుగూర్చినది కాదు. రామదాసు కుటుంబము హరిజన కుటుంబము. కుమారుడు సంగదాసు ఆసామి కొడుకుతో చెలిమి చేసి, చదువును సంస్కారమును తన పేటకు తేబూని, ఆ ఆసామి చేతి దెబ్బకే ప్రాణము విడుచును. ఆ ఘట్టము చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు మా వీథి దాటి ఆవలి వీథిలో నడచుచుండగా ఒక తల్లి తన బిడ్డను పిలిచినది. తెలుగున పిలిచినది. ఆ పిలుపు నే నంతకుముందు వేయి మారులు విన్నదే. తమిళనాటి దక్షిణ, పశ్చిమ జిల్లాలలో అరుంధతీయులలో అనేక కుటుంబములు ఇంటిలో తెలుగే మాటలాడును. వారిది మన భాషయే. వారు ఈ నేలకు వచ్చి గడచినవి తరములే. అయినను తెలుగువారి సభలనిన మన మనసులో మెదలు ముఖములలో ఆ తల్లి ముఖము కలదా?

ఈ ప్రశ్న అప్రియమని యెరుగుదును. ఇట్టి సంచికలో వ్రాయవచ్చునా యని రెండు దినములు తటపటాయించితిని. కాని మన సంఖ్య తగ్గుచున్నదని, మన పిల్లలు మాట మరచుచున్నారని ఏటేట వాపోవు మనము, పొరుగు వీథిలో ఆ మాటను ఇంకను బ్రతికించుకొనుచున్నవారిని లెక్కలో చేర్చకుండుట న్యాయమును కాదు, వివేకమును కాదు. భాషను కాపాడవలెనన్నచో భాష మాటలాడువారినందరిని పిలువవలెను. నూరేండ్లనాడు వెల్లూరు చెరసాలలో కూర్చుండి ఒక గుంటూరు పెద్దమనిషి వ్రాసిన నవల ఈ మాట నాచేత అనిపించుచున్నది.

ఇంతవరకు చెప్పినవి తెలుగు నవలలు. వీనిలో మా భాష కలదు. మా నేల లేదు. మా నేలను చూపిన నవల నాకు తమిళమున దొరికినది. అది కి. రాజనారాయణన్‌గారి గోపల్ల గ్రామము. ఆయన 1923లో కోవిల్‌పట్టి సమీపమున ఇడైచెవలులో జన్మించి 2021లో పరమపదించిరి. ఇంటిభాష తెలుగు, రచన తమిళము. 1976లో వెలువడిన ఈ నవల, తెలుగుదేశమునుండి భయముతో పారివచ్చిన ఒక కమ్మవారి కుటుంబము నల్లరేగడి నేలలో అడవిని కాల్చి, చదునుచేసి, ఊరు కట్టిన కథ. దీని తరువాతి భాగమైన గోపల్లపురపు ప్రజలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది.

ఈ పుస్తకమును నేను అవ్వకు వినిపించిన విధము విచిత్రమైనది. కన్నులతో తమిళము చదువుచు, నోటితో మా యింటి తెలుగున చెప్పితిని. మొదట కొంత తడబాటు కలిగినను, పది పుటలు గడచునప్పటికి అనువాదము చేయుచున్నానను తలంపే పోయినది. కథలోని వారు పలికినది నిజమునకు తెలుగే గదా. నేను వారి మాటను వారికే తిరిగి యిచ్చుచున్నట్లుండెను. చెన్నాదేవి యను చక్కనిదానిని ప్రభువు కోరుట, ఆమెతో కుటుంబమంతయు రాత్రికి రాత్రి దక్షిణమునకు పరుగెత్తుట, ఏరు అడ్డుపడగా ఒడ్డున నున్న చెట్టు వంగి వారిని దాటించుట చెప్పుచుండగా అవ్వ వక్క కత్తిరించుట ఆపి, "ఇది మా అవ్వ చెప్పిన కతే గదా తల్లీ! ఆయనకి ఎట్ల తెలిసె?" అన్నది.

ఎట్లు తెలిసినదో నే నెరుగుదును. ఇట్టి కథ ఈ ప్రాంతపు తెలుగువారిలో అనేక కుటుంబములలో చెప్పుకొనబడుచున్నది. రాజనారాయణన్‌గారు దానిని వినిరి, విన్నదానిని వ్రాసిరి. మన యిండ్లలోను విన్నవారు కలరు, వ్రాసినవారు లేరు. వినిపించువారు ఇప్పుడు ఎనుబది దాటినవారు. అవ్వ మాటకు నాకు సంతోషము కలిగినది. ఆ వెంటనే భయమును కలిగినది. ఆమె చెప్పు కథలలో నాకు వచ్చినవి ఎన్ని? నా తమ్మునికి వచ్చినవి ఎన్ని? ఆ దినమునుండి నేనొక నోటుపుస్తకమున అవ్వ చెప్పు కథలను, సామెతలను, వంటింటి మాటలను, పొలము మాటలను వ్రాసికొనుచున్నాను. తెలుగు లిపిలోనే వ్రాయుచున్నాను. రాజనారాయణన్‌గారు నల్లరేగడి సీమ మాండలికమునకు ఒక నిఘంటువును కూర్చిరి. నాది అంతటిది కాదు, కాజాలదు. కాని నూరు పుటలు దాటినది.

నా యభిప్రాయముల సారమిది. మన భాష పోవునేమో యని మనము సభలలో విచారించుచున్నాము, తీర్మానములు చేయుచున్నాము. అవి చేయవలసినవే. కాని పదేండ్ల పిల్లవాడు తీర్మానము విని తెలుగు మాటలాడడు. కథ మధ్యలో ఆగినచో మాటలాడును. కనుక మన కుటుంబములు దినమునకు అరగంట, దీపము పెట్టిన పిదప, ఒక తెలుగు పుస్తకమును పైకి చదువు అలవాటు చేసికొనవలెనని నా ప్రార్థన. మొదట నవ్వించు పుస్తకము, తరువాత ఏడిపించునది, ఆ తరువాత ఆలోచింపజేయునది. లిపి రానివారు వినవచ్చును, వచ్చినవారు చదువవచ్చును. పాత నవలలు ఇప్పుడు ఫోనులో సైతము దొరకుచున్నవి; వెల చాలదనుటకు వీలులేదు. పొరుగు వీథి పిల్లలను గూడ పిలిచినచో అరుగు నిండును.

ఇక ఒక కోరిక కలదు. గోదావరికి నవల కలదు, గుంటూరునకు నవల కలదు. నల్లరేగడి సీమకు తమిళమున నవల కలదు. పడమటి కనుమల క్రింద కూడు అని ఆదరముతో పిలుచు వారి కథ, వారి తెలుగులోనే, నా చేతి కింకను అందలేదు. దానిని వ్రాయువారు ఈ సంచిక చదువు కుటుంబములలోనే ఎచటనో పెరుగుచుండవచ్చును. వారికి మనమీయగలిగినది పెద్దది కాదు: ఇంటిలో వినుటకు కొన్ని కథలు, చదువుటకు కొన్ని పుస్తకములు, వాని మీద ఎవ్వరును పరీక్ష పెట్టకుండుట.